చూసేవాడికి పాలు

గోడ గడియారం పదకొండూ పద్నాలుగు చూపిస్తోంది.

“ఈ లైను రాసింది నువ్వేనా?”

సార్జెంట్ హెస్టర్ కోయిల్ కాగితాన్ని బల్ల మీద అటువైపు తోసింది. కాగితం నడిమధ్య ఒకే ఒక్క వరుస. కంప్యూటరుకి ఇచ్చే ఆజ్ఞ. జానెడు కూడా లేదు.

టామ్సిన్ వీలన్ దానివైపు చూడలేదు. ఆమె చేతులకి ఇంకా చేపల మేత వాసన కొడుతోంది. పొద్దున తొమ్మిదీ యాభైకి సాల్మన్ పెంపకం షెడ్డులోంచి, రబ్బరు కోటైనా విప్పనివ్వకుండా పట్టుకొచ్చారు.

“నేనే రాశా. రాయలేదని ఎప్పుడన్నా? ముందు మా తమ్ముడి సంగతి చెప్పండి.”

“తెలీదు.”

“తెలీదంటే?”

“తెలీదంటే తెలీదనే. మూడు పడవలు వెతుకుతున్నాయి. పొగమంచు విడవలేదు. హెలికాప్టరు లేవట్లేదు. నీకు అబద్ధం చెప్పి నాకొచ్చేదేం లేదు.”

టామ్సిన్ మొహం గోడ సున్నంలా పాలిపోయింది.

జరిగింది ఇదీ. కెటిల్ పాయింట్ రేవులో ఒక సముద్ర రేడియో కేంద్రం ఉంది. జీతం లేని ముసలివాళ్లు నడిపే కేంద్రం. ఆ చుట్టుపక్కల నీళ్లలో తిరిగే ప్రతి పడవా అక్కడి తెర మీద చుక్కగా కనిపిస్తుంది. ఈ పొద్దున తొమ్మిదీ పద్నాలుగుకి కేంద్రంలోని ముసలాయన నెవిల్ గ్రిమ్స్, వెబ్‌సైటులో టామ్సిన్ రాసిన పాఠం చూసి, ఈ ఒక్క లైనూ ఎత్తి తన కంప్యూటరులో అతికించాడు. ఎనిమిది సెకన్లలో కంప్యూటరు చచ్చింది. తెర మీది చుక్కలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. వాటిలో ఒకటి ‘పెట్రెల్’. అబలోన్ గవ్వల కోసం నీళ్లలోకి దిగేవాళ్ల పడవ. నడిపేవాడు రోరీ వీలన్. టామ్సిన్‌కి ఒక్కగానొక్క తమ్ముడు.

తొమ్మిదీ ఇరవై నుంచి రోరీ ఫోను ఎత్తడంలేదు.

“పడవలో ఒక్కడేనా?”

“వాడూ, కుక్కా. బిస్కెట్ లేకుండా వాడు నీళ్లలోకి దిగడు. దానికి చిన్నప్పుడు గొంతులో గేలం గుచ్చుకుంది. మొరిగితే తుప్పు పట్టిన తలుపు లాగినట్టు ఉంటుంది.” టామ్సిన్ నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే విరిగింది. “సార్జెంట్ గారూ, నా చేత్తో నా తమ్ముడి దీపం నేనే ఆర్పుకుంటానా?”

ఆ సంగతి హెస్టర్‌కీ మింగుడుపడటంలేదు. ఇంకో సంగతి అసలే పడటంలేదు. పాఠం వచ్చింది ‘బేర్‌ఫుట్’లో.

బేర్‌ఫుట్ అంటే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడేవాళ్ల వెబ్‌సైటు. కంపెనీలు పాతబడిందని పారెయ్యమన్న కంప్యూటరుకి ప్రాణం పోసుకునేవాళ్ల సైటు. వార్తలు, పాఠాలు, తిట్లు, సలహాలు, అన్నీ ఉచితం. రాసేవాళ్లకి దమ్మిడీ రాదు. పగలు చేపలకి మేత వేసి వచ్చి, పొయ్యి మీద సూపు మరుగుతుంటే పాఠం రాసే టామ్సిన్‌లాంటి వాళ్లు రాస్తారు. తొమ్మిదేళ్ల కిందట హెస్టర్ తన పాత ల్యాప్‌టాప్‌ని ఆ పాఠాలు చదువుకునే బతికించుకుంది. ఏ కాలేజీ నేర్పలేదు. బేర్‌ఫుట్ నేర్పింది. ఆ సైటు పాఠం మనుషుల్ని ముంచిందంటే, అమ్మ వండిన అన్నంలో గాజుపెంకు వచ్చినట్టుంది ఆమెకి.

“లైను ఏం చేస్తుంది? నాకు తెలిసినా నీ నోట చెప్పు.”

“బేర్‌ఫుట్ సర్వరు నుంచి ఒక చిన్న ఫైలు తెస్తుంది. తెచ్చి వెంటనే నడిపిస్తుంది. పడవల చుక్కలు చూపించే ప్రోగ్రాముకి కొత్త రూపం పెట్టడానికి.”

“తెచ్చింది తెచ్చినట్టు? లోపలేముందో చూడకుండా?”

టామ్సిన్ తల దించుకుంది. “అందరూ అలాగే చేస్తారు.”

“నువ్వు?”

“నేనూ.”

“సిగ్గులేదూ?”

“ఉంది. మీరు మాత్రం ఎన్నిసార్లు చూశారేంటి?”

నిజమే. హెస్టర్ ఒక్కసారి కూడా చూడలేదు.

“సరే. పాఠం ఎవరు పరీక్షించారు?”

“డెస్. డెస్మండ్ ఫాక్స్. మా నియమం మీకు తెలుసుగా. తినిపించేముందు తినాలి. రాసినవాడు కాక రెండోవాడు, ఖాళీ కంప్యూటరు మీద మొదట్నుంచీ చివరిదాకా నడిపి చూడాలి. పాఠం అడుగున వాడి పేరూ టైమూ పడాలి. పొద్దున అయిదూ ఇరవై నుంచి అయిదూ నలభై ఒకటి దాకా డెస్ నడిపాడు. ఆరింటికి పాఠం బయటికొచ్చింది. ఎనిమిదిన్నర దాకా పద్దెనిమిదిమంది వాడారు. ఒక్కరికీ ఏం కాలేదు.”

“ఎనిమిదిన్నర తర్వాత?”

“నన్ను పట్టుకొచ్చేసరికి నూట నలభై యంత్రాలు పోయాయి.”

“రోరీకి శత్రువులున్నారా?”

“గవ్వలు తీసేవాడికి శత్రువులేంటి?” అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. “నిన్న సాయంత్రం ఒక మాటన్నాడు. ‘అక్కా, రేపు ఒడ్డుకొచ్చాక కూర్చుని మాట్లాడాలి, బేర్‌ఫుట్ గురించి. ఫోన్లో వద్దు’ అన్నాడు. వాడూ అప్పుడప్పుడూ మా సైటుకి రాస్తాడు. ఏదో పాఠం సంగతేమో అనుకున్నా.”

హెస్టర్ లేచింది. లేస్తూ బల్ల సొరుగు లాగి చూసింది. సీలు వేసిన సంచిలో టామ్సిన్ ఫోను. సంచి మీద రాత: పది గంటల అయిదు నిమిషాలు. సొరుగు మూసి తాళం వేసింది.

* * *

వరండాలో ఇన్‌స్పెక్టర్ లాక్లన్ ప్రైడీ నిలబడి స్కాలప్ గవ్వమాంసం కూరిన ‘పై’ రొట్టె తింటున్నాడు. కంప్యూటరు నేరాల నిపుణుడు. కాన్‌బెర్రా మనిషి. హోబార్ట్‌లో ఏదో శిక్షణ తరగతి చెప్పడానికి వచ్చి ఉన్నాడు. కెటిల్ పాయింట్ సంగతి వినగానే ఫోన్లోనే టామ్సిన్‌ని అరెస్టు చేయించి, పదీ నలభై అయిదుకి కారు దిగాడు. వచ్చి గంట కాలేదు. ఊళ్లో ఉన్న ఒక్క మంచి ‘పై’ కొట్టూ కనిపెట్టేశాడు.

“ఏం హెస్టర్, ఏడిచిందా?”

“ఏడిస్తే నీ కేసు గెలుస్తుందా?”

“నా కేసు గెలిచే ఉంది. ఒంటిగంటకి పత్రికలవాళ్లని పిలిచాను. పేరు అప్పుడే బయటపెడతాను. అందాకా గోడలకి కూడా చెప్పొద్దు.” మూతి తుడుచుకుని తన మెరిసే ల్యాప్‌టాప్ తెర ఇటు తిప్పాడు. “ఇదిగో, ఆ ఫైలు. బ్రౌజరులో తెరిచాను. నలభై ఒక్క లైన్లు. పాలలా తెల్లగా ఉంది. అంటే ఏంటి? ఎనిమిదిన్నరకి విషం కలిపింది. పని అయ్యాక తీసేసింది. ఫోన్లోంచి చెయ్యొచ్చు, రెండు నిమిషాల పని.”

“బేర్‌ఫుట్‌లో అక్షరం మారినా చరిత్రలో పడుతుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, అన్నీ. నేను చూశాను. ఆరింటి తర్వాత ఆ ఫైలు మీద చెయ్యి పడలేదు.”

“చరిత్ర కూడా చెరిపేసింది.”

“చెరపడానికి సర్వరు తాళం కావాలి. ఆమె దగ్గర రాసే హక్కు తప్ప ఇంకేం లేదు.”

“అబ్బో! నీకెవరు నేర్పారమ్మా ఇవన్నీ?”

“వాళ్లే నేర్పారు. ఉచితంగా.”

ప్రైడీ నవ్వాడు. “అదీ రోగం! ఉచితంగా ఇచ్చేవాడిని నమ్మడం. ఊరూపేరూ లేనివాళ్లు రాసిన లైన్లు రేడియో కేంద్రంలో అతికించుకోవడమేంటి? ఒక పెద్ద కంపెనీ సరుకు కొనుక్కుని ఉంటే ఈ పీడ ఉండేదా?”

“కంపెనీ సరుకు చచ్చినప్పుడు నువ్వు అరెస్టు చేయించిన మనిషి పేరొక్కటి చెప్పు.”

ప్రైడీ రొట్టె కాగితం ఉండచుట్టి బుట్టలోకి విసిరాడు. తగల్లేదు.

“విను. గాలివాలు లెక్కకట్టించాను. ఇంజను ఆగి కొట్టుకుపోతుంటే, పన్నెండు లోపల పెట్రెల్ ఈ నీళ్లు దాటి బ్రీమ్ బే కేంద్రం వైపు గానీ కేప్ రెనీ కేంద్రం వైపు గానీ పోతుంది. వాళ్ల తెర మీద తేలుతుంది. కాబట్టి ఆ రెండు యంత్రాలకీ ఏం కాకూడదు. అందుకే కవచం వేయిస్తున్నా.”

“ఏం కవచం?”

“పదీ నలభైకి మీ బేర్‌ఫుట్ పెద్దమనిషే పెట్టాడు. ‘మీ యంత్రం ఇంకా బతికి ఉంటే వెంటనే ఇది నడపండి, విషం సోకదు’ అని. ఆ ఫైలూ తెరిచి చూశాను. శుభ్రంగా ఉంది. రెండు కేంద్రాలకీ ఆర్డరిచ్చాను. పన్నెండు కొట్టేలోగా నడిపి తీరాలని.”

డెస్ పెట్టాడా. హెస్టర్‌కి కొంచెం ఊపిరి ఆడింది. ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి, రిటైరయ్యాక ఇంటివెనకాల ఆపిల్ పళ్లు దాచే కోల్డ్‌స్టోరులో సర్వరు పెట్టుకుని, తన కరెంటు, తన చెమట పోసి బేర్‌ఫుట్‌ని పెంచిన మనిషి. డెస్ చెయ్యి వేశాడంటే సగం గండం గడిచినట్టే.

“నేను రేడియో గదికి పోతున్నా,” అంది.

“బూడిదలో ఏం వెతుకుతావు?”

“నువ్వు తొక్కనిది.”

* * *

పదకొండూ ముప్ఫై ఎనిమిది. రేడియో గది స్టేషనుకి ఆరు నిమిషాల నడక. రేవు చివర తగరపు పైకప్పు గది.

నెవిల్ గ్రిమ్స్ కుర్చీలో కూర్చుని చచ్చిన తెరకేసి చూస్తున్నాడు. డెబ్బై రెండేళ్లవాడు. హెస్టర్ తండ్రితో కలిసి పడవలు నడిపినవాడు.

“నేనే చంపేశానమ్మాయ్. ఆ పిల్లాడిని నేనే...”

“ఇంకా ఎవరూ చావలేదు. లే. మొదట్నుంచీ చెప్పు. గడియారం చూసి చెప్పు.”

ముసలాయన పెద్ద పుస్తకం ముందుకు లాగాడు. రేడియో మనుషులు కంప్యూటరుని నమ్మినా, పెన్సిలుని వదలరు. ప్రతి మాటా టైముతో పుస్తకంలో ఎక్కాల్సిందే.

“తొమ్మిదీ అయిదు. పొద్దుటి పిలుపు. పెట్రెల్ పలికాడు. ‘అంతా బాగానే ఉంది, ఒక స్నేహితుడు తోడొచ్చాడు’ అన్నాడు.”

హెస్టర్ పుస్తకం మీదికి వంగింది. “ఏమన్నావు? స్నేహితుడా? ఎవరు?”

“పేరు చెప్పలేదమ్మా. నేనడగలేదు. ఇక్కడ రాశాను చూడు.”

రాశాడు. పెన్సిలుతో, వంకర అక్షరాలతో. పొద్దుట్నుంచి ఒక్క పోలీసూ ఈ పుస్తకం తెరవలేదు. ఆ పోలీసుల్లో తనూ ఉంది.

“తర్వాత?”

“మంగళవారం మంగళవారం పిలుపు అయ్యాక యంత్రానికి కొత్తవి ఎక్కిస్తాం. ఇది ఊరందరికీ తెలుసు. తొమ్మిదీ పదకొండుకి ఆ ఫైలు బ్రౌజరులో తెరిచి చూశాను.”

“చూశావా?”

“నాకు చదవడం పెద్దగా రాదు గానీ, చూడకుండా మాత్రం మింగను. అచ్చు కూడా వేశాను. ఇదిగో.” గోడకి కొట్టిన మేకు నుంచి కాగితం లాగి ఇచ్చాడు. “తెర మీది ఒక్కో లైనూ అచ్చు వేసిందానితో పోల్చుకున్నా. తొమ్మిదీ పద్నాలుగుకి ఆ ఆజ్ఞ అతికించా. అంతే.”

హెస్టర్ కాగితం మీది లైన్లు లెక్కపెట్టింది. నలభై ఒకటి. అడుగున యంత్రం వేసిన టైము: తొమ్మిదీ పదకొండు. పాలలా తెల్లగా ఉంది.

ప్రైడీ లెక్క ప్రకారం ఎనిమిదిన్నరకే విషం కలిసింది. మరి తొమ్మిదీ పదకొండుకి నెవిల్ చూసిన ఫైల్లో విషమేది? తొమ్మిదీ పద్నాలుగుకి అదే ఫైలు యంత్రాన్ని ఎలా చంపింది? మూడు నిమిషాల్లో కలిపారా? ఎనిమిదిన్నరకి కలిపి, తొమ్మిదీ పదకొండుకి తీసి, మళ్లీ కలిపి, మళ్లీ తీశారా? అలా ఆడుకునే పిచ్చివాడెవడూ లేడు.

ఫైలు మారలేదు.

మరి మారిందేంటి? నెవిల్ చూసినప్పుడు బ్రౌజరుతో అడిగాడు. అతికించినప్పుడు ఆజ్ఞతో అడిగాడు. మారింది అడిగిన తీరు!

“నెవిల్, ఆ బల్ల ఖాళీ చెయ్యి.”

సంచిలోంచి తన పాత ల్యాప్‌టాప్ తీసింది. మూత మీద బేర్‌ఫుట్ స్టిక్కరు సగం ఊడి వేలాడుతోంది. బ్రౌజరులో ఫైలు అడిగింది. నలభై ఒక్క లైన్లు. తర్వాత ఆజ్ఞలు టైపు చేసే నల్లతెర తెరిచి, ఆజ్ఞతో అడిగింది. నడపమని కాదు. తెచ్చి పక్కన పెట్టమని.

నలభై నాలుగు లైన్లు.

మూడు లైన్లు ఎక్కువ. ఆ మూడూ చదివింది. కంప్యూటరులో ఉన్నదంతా తుడిచెయ్యమంటున్నాయి.

“ఏంటమ్మాయ్?” నెవిల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“చూసేవాడికి పాలు పోస్తున్నారు నెవిల్. చూడకుండా తాగేవాడికి విషం. ఎవడు కళ్లతో చూస్తున్నాడో, ఎవడు కళ్లు మూసుకుని మింగుతున్నాడో సర్వరు కనిపెట్టి మరీ పోస్తోంది.”

“నేను చూశాగదా!”

“చూశావు. నీకు చూపించింది ఒకటి, మింగించింది ఇంకోటి.”

పాఠం రాసేవాళ్లెవరికీ ఈ పని చేతకాదు. సర్వరు తాళం ఉండాలి. తాళం ఉన్నది ఒక్క డెస్‌కే.

ఆమె బుర్ర ఆ మాటని తోసేసింది. డెస్సా? ఇంకేమన్నా నయం. ఎవడో దొంగ డెస్ సర్వరులోకి దూరి ఉంటాడు. పాపం ఆ ముసలాయనకి తెలిసి ఉండదు. ముందు హెచ్చరించాలి.

పదకొండూ యాభై. ఫోను చేసింది. నాలుగు మోతలకి ఎత్తాడు.

“హెస్టర్! ఏమ్మా, ఎంత ఘోరం చూడు.” మెత్తని గొంతు. వెనక ఏదో హోరు.

“డెస్, ఎక్కడున్నారు? సరిగ్గా వినబడట్లేదు.”

“ఇంకెక్కడుంటాను, కోల్డ్‌స్టోరులోనే. కంప్రెసరు తిరుగుతోంది. చెప్పు.”

“మీ సర్వరులోకి ఎవరో దూరారు. అది రెండు మొహాలు చూపిస్తోంది. బ్రౌజరుకి ఒకటి, ఆజ్ఞకి ఒకటి. నేను రెండూ పట్టుకున్నాను. వెంటనే తీగ పీకెయ్యండి.”

అటువైపు హోరొక్కటే. ఆ హోరు వెనక తుప్పు పట్టిన తలుపు లాగినట్టు కిర్రుమని చప్పుడు. ఒకసారి. మళ్లీ ఇంకోసారి.

“తలుపు,” అన్నాడు డెస్. “నూనె వెయ్యాలి. నువ్వు చెప్పింది నిజమేనమ్మా? ఎంత తెలివైనదానివి. ఇంకెవరికైనా చెప్పావా?”

“ఇంకా లేదు. మీకే ముందు.”

“మంచి పని చేశావు. భయం లేదులే. అందుకేగా కవచం పాఠం పెట్టాను. నేనూ టామ్సినూ కలిసి పరీక్షించాం. పాపం, ఆ పిల్ల తమ్ముడి కోసం ఏడుస్తూనే పదీ పన్నెండు నుంచి పదిన్నర దాకా కూర్చుని నడిపింది. ఇంతకుముందే నాతో మాట్లాడింది. సరే, ఉంటాను. తీగ పీకుతాను.”

పెట్టేశాడు.

హెస్టర్ ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడిపోయింది.

పదీ పన్నెండుకి టామ్సిన్ పోలీసు గదిలో ఉంది. ఆమె ఫోను పదీ అయిదు నుంచి సీలు సంచిలో ఉంది. ఆ సంచి తన సొరుగులో ఉంది. పేరు బయటికి పొక్కలేదు. అరెస్టయిందని డెస్‌కి తెలియదు. తెలియదు కాబట్టే ఆమె పేరు వాడుకున్నాడు!

కవచం పాఠం తెరిచింది. అడుగున నియమం ప్రకారం వరుస: పరీక్షించినది టామ్సిన్ వీలన్, పదీ పన్నెండు నుంచి పదీ ముప్ఫై ఒకటి. బేర్‌ఫుట్ పద్నాలుగేళ్ల జీవితంలో ఆ వరుసలో అబద్ధం రాసినవాడు లేడు. తినిపించేముందు తినాలన్న నియమం పెట్టింది డెస్సే. దాన్ని అమ్ముకుతిన్నదీ డెస్సే. కంచే చేను మేసింది.

నల్లతెరలో కవచం ఫైలు అడిగింది. బ్రౌజరులో ముప్ఫై లైన్లు. ఇక్కడ ముప్ఫై మూడు.

అవే మూడు లైన్లు.

“ఓరి దేవుడా,” అంది.

* * *

పదకొండూ యాభై ఆరు. ప్రైడీ ఫోను ఎత్తగానే అరిచింది. “ఆర్డరు ఆపు! కవచం కాదది, అదే విషం. డెస్ ఫాక్స్ పెట్టాడు.”

“నీకు మతిపోయిందా? నేను కళ్లారా చూశాను.”

“చూసినవాళ్లకి కనపడదు! అదేరా దాని తంతు! కేంద్రాలకి చెప్పు, నడపొద్దని.”

ఫోన్లో కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ప్రైడీ గొంతు వచ్చింది. అది ఆ మనిషి గొంతులా లేదు. “బ్రీమ్ బే... ఇంతకుముందే నడిపామని చెప్పారు. పదకొండూ నలభై ఏడుకి.”

“తర్వాత మాట్లాడారా?”

“లేదు.”

నెవిల్ అప్పటికే రేడియో మైకు అందుకున్నాడు. “బ్రీమ్ బే, బ్రీమ్ బే, కెటిల్ పాయింట్ పిలుస్తోంది. మీ తెర ఉందా?”

బరబర. తర్వాత ఒక మగగొంతు, ఏడుపుకి దగ్గరగా. “పోయింది నెవిల్. మొత్తం పోయింది.”

నెవిల్ మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు. “కేప్ రెనీ, కేప్ రెనీ. ఆల్మా, ఉన్నావా? ఆ కవచం నడపకు. వినబడిందా, నడపకు!”

ఒకటి. రెండు. మూడు. హెస్టర్ సెకన్లు లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర రేడియో పలికింది.

“అరవకు నెవిల్, నాకు చెవుడు లేదు.” ఆల్మా ట్రెగెన్జా. ఎనభై దాటినా నాలుక పదును తగ్గని మనిషి. “మీ కాన్‌బెర్రా దొర నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. నడుపుతావా లేదా అని గద్దించాడు. నేను బేర్‌ఫుట్ మొదటి రోజు నుంచి చదువుతున్నాను. తినిపించేముందు తినాలి. అందుకని ముందు మూల పడేసిన పాత యంత్రం మీద నడిపాను. అది శవమైపోయింది. ఈ దరిద్రం రాసిన వెధవెవడు?”

“అసలు తెర?”

“బతికే ఉంది. అన్నట్టు, మీరు వెతికే పెట్రెల్ నా తెర మీదే ఉంది. పదకొండూ నలభైకి వచ్చింది. పోలీసులకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా లైను బిజీ.”

నెవిల్ కుర్చీలో కూలబడ్డాడు. కళ్లంట నీళ్లు జలజల రాలాయి. హెస్టర్ మైకు లాక్కుంది.

“ఆల్మా, హెస్టర్‌ని. కొట్టుకుపోతోందా?”

“కొట్టుకుపోవడమేంటి? నా తెర మీదికి వచ్చినప్పుడు ఏడు నాట్స్ వేగం. తిన్నగా, గీత గీసినట్టు, బయటి సముద్రంలోకి. ఎవడో ఇంజను వేసి నడుపుతున్నాడు.”

హెస్టర్‌కి లెక్క కుదిరింది.

గవ్వల పడవల్లో చుక్క చూపించే పెట్టెకి సర్కారు సీలు ఉంటుంది. దాన్ని ఆపడం, విప్పడం పడవలో ఉన్నవాడి తరం కాదు. పెట్టె నోరు మూయలేనివాడు చూసే కళ్లు పొడవాలి. ఒక కేంద్రాన్ని పొడిస్తే అనుమానం వస్తుంది. నూట నలభై యంత్రాలతో కలిపి పొడిస్తే అది లోకం మీద పడ్డ పీడ అవుతుంది, పీడలో ఒక పడవ పోయిందంటారు. ఆ నేరం నెత్తిన రుద్దడానికి ఒక పిచ్చి పిల్ల దొరుకుతుంది. బేర్‌ఫుట్ గురించి తెలిసిన గుట్టు చెప్పడానికి తమ్ముడు నోరు తెరవకముందే తమ్ముడూ, ఆ తమ్ముడు ఎవరికి చెబుతాడో ఆ అక్కా, ఇద్దరూ పోతారు.

ఒక స్నేహితుడు తోడొచ్చాడు. తొమ్మిదీ అయిదు. పెన్సిలు రాత.

ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం, ఆ చలిలో కోల్డ్‌స్టోరు కంప్రెసరు ఎవడు తిప్పుతాడు?

తుప్పు తలుపు. కిర్రుమని ఒకసారి. మళ్లీ ఇంకోసారి.

“తలుపు కాదు,” అంది హెస్టర్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి తెలియలేదు. “అది బిస్కెట్.”

తలుపు దడాలున తెరుచుకుంది. ప్రైడీ. పరుగెత్తుకొచ్చి ఆయాసపడుతున్నాడు. టై భుజం మీదికి పోయింది. నోరు తెరిచాడు. హెస్టర్ చెయ్యెత్తి ఆపింది. రేడియో పలుకుతోంది.

“హెస్టర్,” అంది ఆల్మా. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు. “నేను ‘వచ్చినప్పుడు’ అన్నాను. ఇప్పుడు ఆ పడవ కదలట్లేదు.”

“ఎప్పట్నుంచి?”

“ఆగు, పుస్తకంలో రాశాను.” కాగితం తిరిగిన చప్పుడు. “పదకొండూ యాభై మూడు. ఒక్కసారిగా ఆగిపోయింది. అక్కడ లంగరు కూడా అందనంత లోతు.”

హెస్టర్ తన ఫోను తెర వెలిగించింది. చివరి పిలుపు: డెస్మండ్ ఫాక్స్. మొదలు, పదకొండూ యాభై. ముగింపు, పదకొండూ యాభై మూడు.

ఇంకెవరికైనా చెప్పావా, అని అడిగాడు.

ఇంకా లేదు, మీకే ముందు, అంది తను. తొమ్మిదేళ్ల నమ్మకంతో. లోపలేముందో చూడకుండా.